అక్కడి ఇటుకగోడ కోసం ఇక్కడి ఇల్లు అమ్మాలా?

ఈసారి ఉత్తరం ఒడిశాలోని బరంపురం నుంచి వచ్చింది. రాసినావిడ తెలుగు మీడియం బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. వయసు 64. పేరూ వీధీ బయటపెట్టవద్దన్నారు కనుక ఆ ఆనవాళ్లు తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆవిడ భర్త పట్టుచీరల వ్యాపారం చేసేవారు. ఆరేళ్ల క్రితం పోయారు, వీలునామా రాయలేదు. వాళ్ల ఇల్లు బడా బజారుకి దగ్గర్లో, గోడకి గోడ ఆనుకుని ఉన్న పాత ఇళ్ల వరసలో ఉంది. వీధివైపు అరుగు, దాని వెనక ఒకప్పుడు కొట్టుగా వాడిన ముందుగది, సావిడి, మండువా, వంటిల్లు, చివర నుయ్యి ఉన్న పెరడు. టేకు దూలాల మీద సున్నపు మిద్దె. మామగారు 1951లో సొంత సంపాదనతో కొన్నారు. అంతకు ముందరి దస్తావేజు కూడా ఇంట్లో ఉంది. గంజాం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులది, తెలుగులోనే రాసి ఉందట. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి వీధిలో రేకులు లేచిపోయినా ఈ మిద్దెకి ఏమీ కాలేదు. ఇప్పుడు మాత్రం కింది గోడలు చెమ్మగిల్లి పెచ్చులూడుతున్నాయి.

పిల్లలిద్దరు. కొడుక్కి 37 ఏళ్లు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్-1బి వీసా. కోడలిది విశాఖపట్నం. కూతురు ఒడియా కుటుంబంలోకి వెళ్లింది. ఛత్రపురంలో ఉంటుంది, వారానికోసారి వచ్చి తల్లిని చూసి వెళుతుంది.

కొడుకు అక్కడ ఊరి నడిబొడ్డున, వాషింగ్టన్ అవెన్యూ మీద ఒక లాఫ్ట్ అపార్ట్‌మెంట్ చూసుకున్నాడు. వందేళ్లు దాటిన చెప్పుల గిడ్డంగిని ఖరీదైన ఇళ్లుగా మార్చారు. పద్నాలుగు అడుగుల ఎత్తు, నిలువెత్తు కిటికీలు, పూత లేని ఇటుకగోడలు, మొద్దు కలప స్తంభాలు, పైన కనబడుతూ పోయే గాలిగొట్టాలు. ధర 3,60,000 డాలర్లు. అందులో ఇరవై శాతం, అంటే 72,000 ముందు కట్టాలి. డాలరు 88 రూపాయల లెక్కన 63 లక్షల పైమాటే. ఇక్కడ పక్కనున్న బట్టల దుకాణం వాళ్లు ఈ ఇంటికి కోటీ 40 లక్షలు ఇస్తామంటున్నారు, దసరాకి అడ్వాన్సు ముట్టజెబుతారట. ఖర్చులతో కలిపి 70 లక్షలు తనకిచ్చి, మిగిలినదాంతో అమ్మ చిన్న ఫ్లాటు కొనుక్కోవాలని, చెల్లెలికి "ఏదో సర్దుదామని" అబ్బాయి మాట. "ఆరు నెలలు మా దగ్గర, ఆరు నెలలు చెల్లి దగ్గర ఉందువుగాని" అని కూడా అన్నాడు.

ఉత్తరం చివర ఆవిడ ఇలా రాశారు: "‘ఆ పాతకొంపలో ఏముందమ్మా, పెచ్చులూడే గోడలు తప్ప’ అన్నాడు. అన్న రాత్రే ఆ ఇంటి ఫొటోలు పంపాడు. చూస్తే అక్కడా పూత లేని గోడలే. ముందు నవ్వొచ్చింది, తర్వాత నిద్ర పట్టలేదు. ఇవ్వనంటే నాది స్వార్థమా? ఇస్తే తెలివితక్కువా? అమ్మాయి ఈ మధ్య ఫోన్ చెయ్యడం తగ్గించింది. అది అడగదు, నేను చెప్పలేను."

టీచరుగారూ,

మీ ఉత్తరంలో "నా ఇల్లు" అన్న మాట చాలాసార్లు వచ్చింది. మీ అబ్బాయి కూడా అది మీ ఒక్కరిదే అనుకుని అడుగుతున్నట్టుంది. ముందు అక్కడే ఆగాలి. మామగారు స్వార్జితంతో కొన్న ఇల్లు, అన్నదమ్ముల పంపకంలో మీ వారికి వచ్చింది, మీ అత్తగారు అప్పటికే లేరు, మీ వారు వీలునామా లేకుండా పోయారు. మీరు రాసింది ఇదే అయితే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇల్లు మీకూ, అబ్బాయికీ, అమ్మాయికీ సమానంగా మూడు వాటాలు. అమ్మాయికి పెళ్లయిందా, ఏ ఇంట్లోకి వెళ్లిందీ అన్న ప్రశ్నే రాదు. ఒకవేళ అది మామగారికి కూడా పెద్దల నుంచి దిగిన ఉమ్మడి ఆస్తి అని తేలితే లెక్క మారుతుంది. 2005లో వచ్చిన సవరణ, దాని మీద 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అలాంటి ఆస్తిలో కూతురు కొడుకుతో సమానం. అప్పుడు మీ వాటా మూడో వంతు కన్నా తగ్గొచ్చు కూడా. అందుకే ఆ రెండు దస్తావేజులూ, పంపకం కాగితం, ఇప్పటి పట్టా నకలు తీసుకుని ఒక సివిల్ లాయరు దగ్గరికి వెళ్లండి. పాత దస్తావేజు తెలుగులో ఉంది గనుక తెలుగు చదవగలిగిన లాయరునే వెతకండి. మీ ఊళ్లో వాళ్లకి కొదవ లేదు.

మూడు వాటాలే అనుకుని లెక్క వేద్దాం. కోటీ 40 లక్షల్లో ఒక్కొక్కరికి 46 లక్షల 66 వేలు. అబ్బాయి అడుగుతున్నది 70. అంటే తన వాటా పోను ఇంకో 23 లక్షల పైచిలుకు మీ వాటాలోంచో చెల్లెలి వాటాలోంచో రావాలి. "ఏదో సర్దుదాం" అన్న మాట కింద ఉన్న అంకె ఇది. అతను కావాలని దాచాడని నేననను. ఇల్లంటే అమ్మ, అమ్మంటే ఇల్లు అనుకునే కొడుకులు ఈ లెక్క ఎప్పుడూ వేసుకోరు. కానీ మీ అమ్మాయి వేసుకుని ఉంటుంది. ఫోన్లు తగ్గడానికి కారణం అదేనని నేను ఇంత దూరం నుంచి తేల్చలేను. కానీ ఆమె సంతకం లేకుండా ఈ ఇల్లు అమ్ముడుపోదు, అయినా ఇంతవరకూ ఆమెతో ఎవరూ మాట్లాడలేదు చూడండి, అది చాలు మనిషి ముభావంగా ఉండడానికి. "అది అడగదు, నేను చెప్పలేను" అన్నారు. చెప్పాల్సిన అవసరం మీకే ఉంది, ఎందుకంటే ఆమె అడిగితే ఆస్తి కోసం అడిగినట్టవుతుందని ఆమె భయం. రేపోమాపో హక్కు వదులుకుంటూ ఒక కాగితం మీద సంతకం పెట్టమని ఆమె ముందుకు ఎవరైనా వస్తే, అది ఆమె తెలిసి, ఇష్టపడి, విలువెంతో విని పెట్టే సంతకం అయ్యుండాలి. అన్నయ్య అమెరికా నుంచి వాట్సాప్‌లో పంపిన కాగితం మీద కాదు.

ఇప్పుడు ఆ లాఫ్ట్ సంగతి. మీ అబ్బాయి ముచ్చటని నేను ఎగతాళి చెయ్యను, అది నిజంగా ముచ్చటైన ఇల్లే. న్యూయార్కులో సోహో అనే పేటలో ఖాళీ పడ్డ ఫ్యాక్టరీ అంతస్తుల్లో బొమ్మలు వేసుకునేవాళ్లు దొంగచాటుగా కాపురం ఉండడంతో ఈ పోకడ మొదలైంది. 1971లో అక్కడి నగరపాలకులు కళాకారుల వరకు దానికి అనుమతి ఇచ్చారు. 1982లో అద్దెదార్లకి రక్షణగా ఒక చట్టమే వచ్చింది. చవగ్గా దొరుకుతుందని పేదవాళ్లు మొదలుపెట్టినది పాతికేళ్లలో ధనవంతుల వేడుకయింది. సెయింట్ లూయిస్ ఒకప్పుడు చెప్పులకీ దుస్తులకీ పేరుమోసిన ఊరు. వాషింగ్టన్ అవెన్యూ అంతా వాటి గిడ్డంగులే. ఒక పెద్ద చెప్పుల కంపెనీ భవనంలో 1997 నుంచి పిల్లలూ పెద్దలూ ఎగబడే సిటీ మ్యూజియం నడుస్తోంది. 1998లో మిస్సోరి రాష్ట్రం పాత కట్టడాలు బాగుచేసేవాళ్లకి పన్ను రాయితీ మొదలుపెట్టాక ఆ వీధిలో గిడ్డంగులు ఒక్కొక్కటే ఇళ్లయ్యాయి. ఆ ఎత్తు, ఆ వెలుతురు, ఆ కలప ఇప్పుడు కొత్తగా కట్టిస్తే దొరకవు. నేనూ ఆ వయసులో ఉంటే ఆ కిటికీల ముందు కాసేపు నిలబడేదాన్నే.

అయితే అతను మీకు చెప్పిన మూడు మాటల్లో రెండు నిలబడవు.

"విలువ పెరుగుతుంది" అన్నది మొదటిది. పెరగొచ్చు. కానీ ఆ నగరం తీరు చూడండి. 1950లో అక్కడ 8,56,796 మంది ఉండేవాళ్లు, 2020 లెక్కల్లో 3,01,578. జనం శివార్లకు పోయారు, మనవాళ్లు కూడా ఎక్కువమంది ఆ శివార్లలోనే ఇళ్లు కొంటారు. నడిబొడ్డున 44 అంతస్తుల ఆఫీసు బురుజు ఒకటి 2006లో 20 కోట్ల 50 లక్షల డాలర్లకి అమ్ముడుపోయి, ఖాళీ పడి, 2024లో 36 లక్షల డాలర్లకి చేతులు మారింది. ఆఫీసు బురుజుకీ మనుషులుండే ఇంటికీ ఒకటే లెక్క కాదు, నిజమే. కానీ చుట్టూ ఆఫీసులు ఖాళీ అవుతున్న చోట ఇళ్లు వాటంతటవే పెరుగుతాయని ఎవరూ రాసివ్వలేరు. ఇందులో ఒక మేలు కూడా ఉంది. దసరాలోపు కొనకపోతే చేజారిపోయేంత గిరాకీ అక్కడ ఉందని నాకనిపించడం లేదు.

రెండోది "పాత భవనం కాబట్టి ప్రభుత్వం పన్ను రాయితీ ఇస్తుంది" అన్నది. అమెరికా కేంద్ర ప్రభుత్వం చారిత్రక కట్టడాలకిచ్చే ఇరవై శాతం రాయితీ ఆదాయం తెచ్చే భవనాలకి, అంటే అద్దెలకీ వ్యాపారాలకీ. సొంతంగా కాపురం ఉండే ఇంటికి రాదు. ఆ రాయితీ ఏదో గిడ్డంగిని మార్చిన బిల్డరు ఎప్పుడో తీసుకుని ఉంటాడు.

మూడోది ఆఫీసుకి నడిచి వెళ్లవచ్చన్నది. అది పక్కా లాభమే, కాదనను.

ఇక అతను చెప్పనిది ఒకటుంది, బహుశా ఇంకా చూసుకోనిది. ధర 3,60,000 అన్నాక అక్కడితో ఆగదు. మిగిలిన 2,88,000 డాలర్లు ముప్ఫై ఏళ్ల అప్పు, వడ్డీ ఆరున్నర శాతం అనుకుంటే నెలకి 1,820 డాలర్ల వాయిదా. దానిమీద ఆస్తిపన్ను, బీమా. పైన ఇళ్లవాళ్ల సంఘానికి నెలకి 520 అని మీరే రాశారు. ఏడాదికి 6,240 డాలర్లు, మన డబ్బులో అయిదున్నర లక్షలు, ఇల్లు పూర్తిగా సొంతమయ్యాక కూడా ఆగని ఖర్చు. పాత భవనంలో ఆ సంఘం చేతిలో నిల్వ డబ్బు ఎంతుందన్నదే అసలు ప్రశ్న. లిఫ్టు మార్చాలన్నా, పైకప్పు వెయ్యాలన్నా, ఇటుకల మధ్య సున్నం రాలి మళ్లీ దరజులు నింపించాలన్నా నిల్వ చాలకపోతే ఒక్కసారిగా ఇంటింటికీ వేలల్లో వంతు వేస్తారు. 2021 జూన్ 24న ఫ్లోరిడాలో సముద్రపొడ్డున అపార్ట్‌మెంట్ కూలి 98 మంది చనిపోయాక అప్పులిచ్చే సంస్థలు కూడా ఇది గట్టిగా అడుగుతున్నాయి. వాయిదా వేసిన రిపేర్లున్న భవనమైతే అప్పే పుట్టకపోవచ్చు. ఇప్పుడు పుట్టినా, రేపు అమ్మబోతే కొనేవాడికి పుట్టకపోవచ్చు. సంఘం గత రెండు మూడేళ్ల సమావేశాల మినిట్సు, నిల్వ నిధి నివేదిక, ఎన్ని ఇళ్లలో సొంతదారులుంటున్నారు, ఎన్ని రోజువారీ అద్దెలకి తిరుగుతున్నాయి, కారు నిలిపే చోటు రాతకోతల్లో ఉందా, అద్దెదా, కింది అంతస్తులో రాత్రి రెండు దాకా వాయించే హోటలుందా, ఇవి అడిగాడో లేదో కనుక్కోండి. అడిగి ఉంటే అతను పరిణతితో కొంటున్నట్టే. "అవన్నీ ఉంటాయిలేమ్మా" అంటే ఫొటోలు చూసి కొంటున్నట్టు.

వీసా సంగతి కూడా మరవకండి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి మామూలుగా 60 రోజుల గడువే. అరవై రోజుల్లో అలాంటి ఇల్లు అమ్మడం కుదరదు. అద్దెకి ఇవ్వాలన్నా సంఘం నిబంధనలు ఒప్పుకోవాలి.

మీరు అక్కడికి వెళ్లి ఉండే మాట. మీ ఉత్తరంలో ఈ సంగతి రెండు వాక్యాల్లో దాటేశారు గాని, నాకు ఇక్కడే ఎక్కువ దిగులు. ఆ ఫొటోల్లో పడకగది మెట్లెక్కి చేరే చెక్క అరుగు మీద ఉందన్నారు, దానికి గోడల్లేవు, కింద హాలంతా ఒకటే. తలుపు వేసుకోగలిగిన చోటు స్నానాలగది ఒక్కటే. మీకు మోకాళ్ల నొప్పి. తెల్లవారుజామున లేచి మీరు స్టవ్ వెలిగిస్తే పైన పడుకున్న కొడుకూ కోడలికీ వినబడుతుంది. వాళ్లు రాత్రి ఆఫీసు కాల్ మాట్లాడితే మీకు వినబడుతుంది. ఇంగువ వేసి పోపు పెడితే ఆ పొగ పద్నాలుగు అడుగుల ఎత్తుకెక్కి అక్కడే తిరుగుతుంది. చాలా లాఫ్టుల్లో స్టవ్ మీద ఉన్న ఫ్యాను పొగని బయటికి పంపదు, వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. అత్తాకోడళ్లు ఎంత మంచివాళ్లయినా మధ్యలో ఒక తలుపు ఉండాలి. ఇది మీ కోడల్ని అనడం కాదు, పాపం ఆ పిల్లకీ ఒక తలుపు కావాలి కదా. పైగా మీరు వెళ్లేది విజిటరు వీసా మీద. ఒకసారి వెళితే సాధారణంగా ఆరు నెలలు మించి ఉండనివ్వరు, ఏటేటా ఆరేసి నెలలు అని ఎవరూ హామీ ఇవ్వరు. తల్లిదండ్రుల్ని శాశ్వతంగా రప్పించుకునే హక్కు అక్కడి పౌరసత్వం ఉన్న కొడుక్కే గాని గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాడికి లేదు. వైద్య బీమా ఖర్చు వేరే. కాబట్టి "మా దగ్గర ఉందువుగాని" అన్నది ప్రేమతో అన్న మాటే, కానీ దాన్ని నమ్ముకుని ఇల్లు వదులుకోకూడదు. ఏ దారి ఎంచుకున్నా మీకు బరంపురంలో మీ పేరున ఒక గడప ఉండి తీరాలి. మిగతా అన్నిట్లో మీ ఇష్టం అంటాను, ఇందులో మాత్రం అనలేను.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఒక్కోదాని వెనకా ఏముందో చెబుతాను.

మొత్తం ఇల్లు అమ్మడం ఒకటి. ముగ్గురూ అమ్మకందారులుగా సంతకం పెట్టి, ఎవరి వాటా వారి ఖాతాలో వేయించుకోవాలి. మీకు వచ్చిన లాభంతో మన దేశంలోనే మరో ఇల్లు కొంటే లాభం మీద పన్ను మినహాయింపు దొరుకుతుంది. అమ్మిన రెండేళ్లలోపు కొనాలి, కట్టిస్తే మూడేళ్లు. విదేశంలో కొన్న ఇంటికి ఈ మినహాయింపు లేదు. 2014 బడ్జెట్‌లో చట్టాన్ని సవరించి భారతదేశంలోని ఇల్లే అయ్యుండాలన్నారు. కనుక అబ్బాయి తన వాటా మీద పన్ను కట్టాలి. అతను ప్రవాసి కాబట్టి కొనేవాళ్లు ముందే ఎక్కువ పన్ను కోసుకుని ఇస్తారు, డబ్బు అతని ఎన్ఆర్ఓ ఖాతాలో (ప్రవాసులకి ఇక్కడి రాబడి జమయ్యే బ్యాంకు ఖాతా) పడి అక్కణ్ణుంచి ఆడిటరు సర్టిఫికెట్‌తో అమెరికా వెళ్లాలి. అక్కడి రిటర్నులోనూ చూపించాలి. దసరాకి అడ్వాన్సు, సంక్రాంతికి లాఫ్ట్ అన్నంత సులువు కాదు. పాత ఇల్లు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు. ఆ విలువ కట్టించిన నివేదిక ఇప్పుడే తెచ్చుకుంటే పన్ను ఎంతో ముందే తెలుస్తుంది. ఈ దారిలో మీకు 46 లక్షలు, లిఫ్టున్న చిన్న ఫ్లాటు, పెన్షను మిగులుతాయి. అమ్మాయికి తనది తనకి ముడుతుంది. అబ్బాయికి అడిగినంత రాదు, న్యాయంగా రావలసినంత వస్తుంది. లోటు అతనే పూడ్చుకోవాలి, లేదా ఇరవై శాతం బదులు తక్కువ కట్టి అదనపు బీమా భరిస్తూ కొనాలి. పోయేది ఇల్లు. దుకాణం వాళ్లు దాన్ని పడగొట్టే కొంటున్నారని మీకూ తెలుసు.

ఇల్లు ముట్టుకోకుండా మీ చేతిలో ఉన్న దాంట్లోంచి కొంత ఇవ్వడం ఇంకొకటి. బ్యాంకులో 22 లక్షల ఎఫ్‌డీ ఉందని రాశారు. మీరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపవచ్చు గాని, పది లక్షల రూపాయలు దాటిన దాని మీద బ్యాంకు ఇరవై శాతం పన్ను ముందుగా పట్టుకుంటుంది. 63 లక్షలు మీ ఖాతా నుంచే పంపితే పదిన్నర లక్షల పైన మీది ఇరుక్కుంటుంది. రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, ఈలోగా చేతిలో ఉండదు. పది లక్షల లోపైతే ఆ బెడద లేదు. అయితే ఒకటి. "అప్పుగా ఇస్తున్నాను, మెల్లిగా తీరుస్తాడు" అని మీరు మనసులో అనుకున్నా, అక్కడి బ్యాంకు మీచేత "ఇది తిరిగి ఇవ్వనక్కర్లేని కానుక" అని కాగితం రాయించుకుంటుంది. కాబట్టి మళ్లీ చూడనన్నా బాధపడని మొత్తం ఎంతో అంతే ఇవ్వండి. ఎనిమిదా, అయిదా, మీరే చెప్పగలరు. ఇలా చేస్తే అబ్బాయి కొంత నొచ్చుకోవచ్చు, "ఇల్లుంది కదా" అనొచ్చు. ఆ నొచ్చుకోవడం ఓర్చుకోవడానికి మీరు సిద్ధపడాలి.

మధ్యదారి ముందుగది. బజారు అంచున ఉన్న గది అది. ఆ దుకాణం వాళ్లకే కొట్టుగా అద్దెకిస్తే? కొనడానికి అంత ముచ్చటపడ్డవాళ్లు అద్దెకి మొహం తిప్పుకుంటారని నేననుకోను. ముగ్గురి పేర్లా రాతపూర్వకంగా, పదకొండు నెలలకో రిజిస్టరు చేయించి మూడేళ్లకో ఇచ్చి, వచ్చిన అద్దెలో ముందు గోడలు బాగుచేయించండి. చెమ్మ సంగతి ఒకమాట. పాత సున్నపు గోడకి సిమెంటు పూత వేస్తే లోపలి తడి బయటికి రాలేక ఇటుకనే తినేస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లో ఉప్పు కూడా తోడవుతుంది. మీ వారు ఉండగా కింద నాలుగడుగులు సిమెంటు చేయించారని రాశారు చూశారా, పెచ్చులూడుతున్నది సరిగ్గా ఆ మేరే. అది కొట్టించి సున్నంతో పూయించే మేస్త్రి మీ ఊళ్లోనో, పర్లాకిమిడి వైపో ఇంకా దొరుకుతాడు. సెయింట్ లూయిస్‌లో మీ అబ్బాయి కొనబోయే భవనానికీ ఇదే జబ్బు ఉండొచ్చు, సిమెంటుతో దరజులు నింపారేమో అడగమనండి. కాస్త సరదా పడతాడు. ఈ దారిలో కష్టమేంటంటే అద్దెదారు రేపు ఖాళీ చెయ్యనంటే కోర్టు చుట్టూ తిరిగేది మీరే, పిల్లలు కాదు. అమ్మాయీ అల్లుడూ దగ్గరున్నారు గనుక వాళ్లు ఒప్పుకుంటేనే మొదలుపెట్టండి.

ఆఖరిది మీరు చెయ్యాల్సింది కాదు, అబ్బాయికి చెప్పాల్సింది. అదే భవనంలోనో ఆ వీధిలోనో ఒక లాఫ్ట్ ఏడాది పాటు అద్దెకు తీసుకోమనండి. జనవరిలో గడ్డకట్టే చలి వచ్చినప్పుడు ఆ ఎత్తు గదికీ ఆ పాత కిటికీలకీ వేడి బిల్లు ఎంతొస్తుందో, శనివారం రాత్రి కిందినుంచి ఏం వినబడుతుందో, కోడలికి ఆ తలుపుల్లేని ఇల్లు ఎలా ఉందో అప్పుడు తెలుస్తుంది. నచ్చితే కొనుక్కుంటారు. ఈలోగా కొంత కూడబెట్టుకుంటారు. చూసుకున్న ఆ మూల ఇల్లు ఇంకొకరు కొనేసుకోవచ్చు, అదొక్కటే నష్టం. నన్నడిగితే నాకు మొగ్గు దీనివైపే. ఇక్కడి ఇంటి సంగతి దీనితో ముడిపెట్టకుండా మీ ముగ్గురూ తీరిగ్గా విడిగా తేల్చుకోవచ్చు. రేపు మీ మోకాళ్లు అరుగు ఎక్కనివ్వకపోతే, మీకే లిఫ్టున్న ఫ్లాటు కావాలనిపిస్తే, అప్పుడు అమ్మండి. అది మీ అవసరానికి అమ్మినట్టవుతుంది.

స్వార్థమా అని అడిగారు. భర్త పోయాక ఆరేళ్లు ఒక్కరూ ఆ ఇంటిని కాపాడుకొచ్చారు, పన్నులు కట్టారు, పిల్లల వాటాలు కూడా మీరే కాశారు. అందులో స్వార్థం నాకు కనబడలేదు. మీ అబ్బాయి కూడా చెడ్డవాడిలా కనబడలేదు. "పాతకొంప" అన్న మాట దురుసే. కానీ ఇంటి మీద పట్టు తప్పిపోయి చాలా కాలమైన పిల్లలు అలాగే మాట్లాడతారు. ఆ మాట మిమ్మల్ని బాధపెట్టిందని అతనికి చెప్పండి, అదే సమయంలో డబ్బు సంగతి చెప్పకండి. రెండూ కలిపితే మీ బాధ బేరంలా వినిపిస్తుంది. డబ్బు సంగతి ముగ్గురూ ఒకేసారి వీడియో కాల్‌లో కూర్చుని, లాయరు చెప్పిన వాటాలు కాగితం మీద ముందు పెట్టుకుని మాట్లాడుకోండి. కోడల్నీ అల్లుణ్ణీ కూడా కూర్చోబెట్టండి. లేకపోతే వాళ్లకి ఆ మాటలు వంకరగా చేరతాయి.

దానికన్నా ముందు ఈ వారంలో అమ్మాయి వచ్చినప్పుడు దస్తావేజుల సంచీ ఆమె చేతికిచ్చి, లాయరు దగ్గరికి తోడు రమ్మనండి. దుకాణం వాళ్లకి "ముగ్గురం వాటాదారులం, మాట్లాడుకుని చెబుతాం" అనండి చాలు. దసరా వాళ్ల గడువు, మీది కాదు. అంతవరకూ వెయ్యి రూపాయలు కూడా పుచ్చుకోవద్దు. తెల్లకాగితం మీద అందినట్టు సంతకం చేసిన చిన్న అడ్వాన్సు కూడా రేపు అమ్మకం ఒప్పందమని కోర్టుకెక్కుతుంది.